అందరికీ అర్థమైన వంతెన

మా ఊరి ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థులు చెప్పేది మామూలు జనానికి ఇకమీదట అర్థమై తీరుతుందని ప్రిన్సిపాల్ గారు ప్రకటించిన రోజున నేను అక్కడే ఉన్నాను. ఆ ప్రకటన పదిహేడు పేజీలు. చదవడం పూర్తయ్యాక అందులో ఏముందో ఎవరికీ బోధపడలేదు కాబట్టి, దాన్ని వివరించడానికి మర్నాడు ఇంకో సభ పెట్టారు. రెండో సభలో తేలిందేమిటంటే, కళాశాలలో సామాన్యావగాహన విభాగం అనే కొత్త విభాగం వెలిసింది. చివరి సంవత్సరం పిల్లలు తమ ప్రాజెక్టు ఏమిటో సామాన్య ప్రజలకు అర్థమయ్యేలా చెప్పగలిగితేనే పట్టా చేతికిస్తారు.

ఇంత అవసరం ఎందుకొచ్చిందని మీరు అడగరు. అయినా చెబుతాను. అంతకు ముందు ఏడాది ప్రదర్శనకు వచ్చిన ముఖ్య అతిథి ఒక కుర్రాణ్ణి "ఇదేం చేస్తుంది బాబూ?" అని అడిగారు. ఏదో ఒకటి అడగాలి కదా అని అడిగిన ప్రశ్న అది. కుర్రాడు నలభై నిమిషాలు జవాబు చెప్పాడు. అతిథి గారు మధ్యలో ఒకసారి కుర్చీ అడిగారు, రెండుసార్లు మంచినీళ్ళు అడిగారు, చివరికి అదే యంత్రమనుకుని పక్క గోడకు తగిలించి ఉన్న మంటలార్పే సిలిండరును తమ అమృతహస్తాలతో ప్రారంభించారు. విద్యార్థుల్లో భావప్రకటనా లోపం ఎంత లోతుగా ఉందో ఆ నురగ తుడుచుకుంటున్నప్పుడే పెద్దలందరికీ ఒక్కసారిగా తట్టిందంటారు.

విభాగం పెట్టాక సామాన్య ప్రజలు కావలసి వచ్చారు. ముందు బయటి జనాన్ని పిలిచి చూశారు కానీ వాళ్ళకు ఎవరి పనులు వాళ్ళకున్నాయట, రాలేదు. అందుచేత "సామాన్యులు కావలెను" అని నోటీసు వేసి నియామకాలు జరిపారు. అర్హత ఒక్కటే, ఇంజనీరింగు గురించి ఏమీ తెలిసి ఉండకూడదు. రాత పరీక్షలో సున్నా దాటిన వాళ్ళందరినీ తీసేశారు. ఒక ప్లంబరు పరీక్ష గదిలో కొళాయి ఎందుకు కారుతోందో పర్యవేక్షకుడికి నోరు జారి చెప్పేసి, చేజేతులా అవకాశం పోగొట్టుకున్నాడు. నాకు మొదటి స్థానం వచ్చింది. కళాశాల గేటుకు ఎదురుగా, రోడ్డుకు అవతల, నాకు జిరాక్సు, బైండింగు కొట్టుంది. పద్నాలుగేళ్ళుగా ఆ కళాశాల ప్రాజెక్టు రిపోర్టులన్నీ నేనే బైండు చేస్తున్నా, ఒక్కటంటే ఒక్క వాక్యం కూడా చదవలేదని నిరూపించుకున్నందుకు ఎంపిక సంఘం నన్ను లేచి నిలబడి అభినందించింది.

రెండో సామాన్యుడు రిటైరైన తపాలా గుమాస్తా. ఆయనకు ఒక చెవి వినపడదు, ఆ చెవినే వేదిక వైపు పెట్టుకుని కూర్చునేవాడు. మూడో ఆవిడ ఇస్త్రీ అక్క. ఆవిడ బండి కళాశాల ముందున్న పాదచారుల వంతెన మెట్ల కిందే ఉంటుంది. మా ముగ్గురికీ మెడలో వేసుకునే కార్డులిచ్చారు. నా ఫోటో కింద "సామాన్యుడు, మొదటి శ్రేణి" అని అచ్చు వేసి ఉంటుంది. ఇంటికెళ్ళి మా ఆవిడకు చూపిస్తే, "ఈ మాట పెళ్ళయిన వారానికే నేను చెప్పాగా, దీనికో పరీక్ష కూడానా?" అంది.

మా పని తేలిక. పిల్లలు వేదికెక్కి పదిహేను నిమిషాలు చెబుతారు. మా ముందు ఒక రిజిస్టరు ఉంటుంది. అందులో "అర్థమైంది" అని ఒక గడి, "అర్థం కాలేదు" అని ఒక గడి. ఎందులోనో ఒకదాంట్లో సంతకం చేయాలి. ముగ్గురిలో ఏ ఒక్కరికి అర్థం కాకపోయినా ఆ విద్యార్థి ఆ పేపరు తప్పినట్టే. పది మంది ప్రొఫెసర్లు కలిసి తేల్చలేని సంగతి నా ఒక్క సంతకంతో తేలిపోతుందని తెలిశాక నా నడకలో కూడా కొంత మార్పు వచ్చిందని చూసినవాళ్ళు చెప్పారు.

పిల్లలకు మాట్లాడడం నేర్పడానికి ఒక మాస్టారిని తెచ్చారు. ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, అందరూ చిరునవ్వు మాస్టారనే అంటారు. ఆయన సిద్ధాంతాలు మూడు. అంకెలు చెబితే జనం బెదిరిపోతారు కాబట్టి అంకెలు చెప్పకూడదు. ప్రతి మూడో వాక్యానికీ చిరునవ్వు నవ్వాలి. ఎంత పెద్ద సాంకేతిక విషయాన్నైనా ఇంట్లో ఉండే దేనితోనో పోల్చాలి. దాంతో ఆ ఏడాదంతా ఆనకట్టలు పాలగిన్నెలయ్యాయి, కరెంటు కొళాయి నీళ్ళయింది, కంప్యూటరు డబ్బాల అలమర అయింది. విషవాయువు లీకైతే మనిషి ఊపిరితిత్తులు ఏమవుతాయో చెబుతూ ఒక కుర్రాడు మూడో వాక్యం దగ్గరా, ఆరో వాక్యం దగ్గరా, తొమ్మిదో వాక్యం దగ్గరా తప్పకుండా నవ్వాడు. వాడికి నూటికి తొంభై రెండు వచ్చాయి. సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి మాకు విషయం తెలిసినా తెలియకపోయినా ఆకలి మాత్రం దంచేసేది.

ఇంత సవ్యంగా నడుస్తున్న విభాగంలోకి సివిల్ ఇంజనీరింగ్ చదివే ఒక అమ్మాయి వచ్చింది. ఆ పిల్ల తల్లి రోడ్డవతలి చిన్నపిల్లల బడిలో ఆయా. పిల్లల్ని తెచ్చే ఆటోలు ఆగేది కళాశాల వైపు, బడి ఉండేది అవతలి వైపు. రోజూ పొద్దున తొమ్మిదింటికి ఆయా ముప్పై ఎనిమిది మంది పిల్లల్ని ఒకే వరుసలో, ఒకళ్ళ చొక్కా ఒకళ్ళు పట్టుకోగా, వంతెన మీద నుంచి నడిపించుకు వెళుతుంది. ఆ తల్లికి ఈ పిల్ల ఒక్కతే. పట్టా చేతికొస్తే చేరడానికి ఉద్యోగం సిద్ధంగా ఉంది, చేరాల్సిన తేదీ కూడా ఇచ్చేశారు. ఇంత అదృష్టం పెట్టుకుని ఆ పిల్ల వేరే ఏ ప్రాజెక్టూ దొరకనట్టు, ఆ వంతెన మీదే మూడు నెలలు పరికరాలు పెట్టి కొలిచింది.

మొదటిసారి ఆమె చదివిన పత్రం పేరు "ఉక్కు పాదచారుల వంతెన ఆధార సంధిలో క్షీణత వలన జనించు పార్శ్వ కంపనముల గతిశీల విశ్లేషణ". ప్రొఫెసర్లంతా తలలూపారు. సివిల్ విభాగాధిపతి "అద్భుతం!" అన్నారు. నా పక్కన కూర్చున్న ఇంకో ప్రొఫెసర్ని "ఏం చెప్పింది సార్?" అని మెల్లిగా అడిగాను. "మీకు చెప్పినా అర్థం కాదులెండి," అన్నాడు ఆయన, అంతకంటే మెల్లిగా. మేం ముగ్గురం రెండో గడిలో సంతకాలు చేశాం. ఆ పత్రానికి కళాశాల స్థాయి బహుమతి వచ్చింది.

రెండోసారి చెప్పడానికి ఆమెను చిరునవ్వు మాస్టారు స్వయంగా తయారు చేశారు. ఈసారి వంతెన ఒక ముసలమ్మ. అందరినీ ఎత్తుకుని రోడ్డు దాటించిన చల్లని తల్లి. ఇప్పుడామెకు మోకాళ్ళు పట్టు తప్పాయి, మనసులో మాట పైకి చెప్పుకోలేదు, గాలి వచ్చినప్పుడు మాత్రం చిన్నగా మూలుగుతుంది. సభలో చాలామంది కళ్ళు తుడుచుకున్నారు. తపాలా గుమాస్తా తన తల్లి గుర్తొచ్చి వెక్కి వెక్కి ఏడ్చాడు. ముగ్గురం మొదటి గడిలో సంతకాలు చేశాం. మాస్టారు గర్వంగా చుట్టూ చూశారు.

అమ్మాయి మాత్రం వేదిక దిగి నేరుగా నా దగ్గరికి వచ్చింది.

"బాబాయ్, మీకేం అర్థమైందో చెప్పండి."

"ముసలావిడకి మోకాళ్ళ నొప్పులమ్మా. పాపం, ఎవరో ఒకళ్ళు కనిపెట్టుకుని ఉండాలి."

ఇస్త్రీ అక్క కూడా కల్పించుకుని, "మా అత్తగారికీ ఇంతే. ఏం నూనె రాస్తున్నారు?" అని అడిగింది. అమ్మాయి అటునుంచే ఆఫీసుకు వెళ్ళి, తన మార్కులు తనే రద్దు చేసుకుంటానని, మూడో అవకాశం ఇవ్వమని అర్జీ పెట్టుకుంది. అర్థమైందని ఒప్పుకున్నాక కూడా మళ్ళీ చెబుతానంటే ఆ పిల్లకు పొగరని విభాగమంతా అనుకుంది. నేనూ అనుకున్నాను.

మూడోసారి ఆమె తెరా వేయలేదు, బొమ్మలూ చూపించలేదు. చేతిలో ఉన్న ఒక తుప్పు పట్టిన బోల్టును మా బల్ల మీద పెట్టింది.

"ఇది మన వంతెనది. మెట్ల కింద నేల మీద దొరికింది. బడి వైపు చివర ఇలాంటివి నాలుగుండాలి. రెండే ఉన్నాయి, అందులో ఒకటి చిట్లింది. నలభై మంది దాకా అయితే ఎలాగో మోస్తుంది. అంతకు మించి ఒకేసారి ఎక్కితే ఆ చివర కిందికి దిగిపోతుంది. మా అమ్మ రోజూ ముప్పై ఎనిమిది మంది పిల్లల్ని తీసుకుని దాని మీద నుంచే వెళ్తుంది. అప్పుడు దాని మీద ఇంకా ఎవరెవరుంటారో మా అమ్మకి తెలీదు. దాన్ని మూసేయండి. అంతే."

నిమిషం కూడా పట్టలేదు. విభాగం పుట్టాక మొదటిసారి అందరికీ అంతా అర్థమైంది. ముగ్గురం మొదటి గడిలో సంతకాలు చేశాం. తపాలా గుమాస్తా, తనకు వినపడని చెవిలోకి కూడా స్పష్టంగా వినపడిందని పక్కన రాశాడు.

చిరునవ్వు మాస్టారు మాత్రం పదిహేను నిమిషాలకు పద్నాలుగు మిగిలిపోయినందుకూ, నాలుగనీ, ముప్పై ఎనిమిదనీ, నలభై అనీ అంకెలు వాడినందుకూ, ఒక్కసారి కూడా నవ్వనందుకూ మార్కులు కోశారు. ప్రిన్సిపాల్ గారు పెద్ద మనసు చేసుకుని లేచారు.

"ఎంత స్పష్టంగా చెప్పింది! సామాన్యుడి గుండెను తాకింది! మన విభాగం సాధించిన విజయమిది. ఉత్తమ వక్త పురస్కారం ఈ అమ్మాయికే!"

"సార్, మరి వంతెన మూయిస్తారా?" అని అమ్మాయి అడిగింది.

"అది వేరే విభాగం చూసుకుంటుందమ్మా. నువ్వు చాలా బాగా చెప్పావు."

ఆ వేరే విభాగానికి ఉత్తరం వెళ్ళిన మాట నిజం. అయితే అందరికీ అర్థమయ్యే భాషలో రాశారు కాబట్టి, నిర్ణీత నమూనాలో లేదని తిరిగి వచ్చింది. ఆ వంతెన కళాశాల అధ్యక్షుల వారు వాళ్ళ నాన్నగారి పేరిట కట్టించింది. దాని మీద పాలరాతి పలక ఉంది. నాన్నగారి పేరున్నది ఎలా కూలుతుందని ఒక సభ్యుడు అడిగాడని, దాంతో ఆ చర్చ అక్కడితో ముగిసిందని నాకు తెలిసింది.

ఊళ్ళో మాత్రం ఆ అమ్మాయి మాటలు బాగా పాకాయి. అంత బాగా చెప్పిన విషయాన్ని జనం నోట్లో దాచుకోలేరు కదా. వంతెన మీద నడుస్తూ వంతెన ఎక్కడ చిట్లిందో పక్కవాళ్ళకు వేలు పెట్టి చూపించేవాళ్ళు. కొందరు చుట్టాలను తీసుకొచ్చి మరీ చూపించారు. నా ఇల్లు కళాశాల వైపు, కొట్టు అవతల, కాబట్టి నేనూ రోజుకు రెండుసార్లు దాటేవాణ్ణి. కింద నుంచి వెళితే సిగ్నల్ దగ్గర చాలాసేపు నిలబడాలి. ఆ బడి వైపు చివరికి వచ్చినప్పుడు మాత్రం రెండడుగులు గబగబా వేసేవాణ్ణి. అర్థం చేసుకున్నవాడికీ చేసుకోనివాడికీ ఆ మాత్రం తేడా ఉండాలి.

ఇద్దరు ఆడవాళ్ళు మాత్రం విపరీతంగా ప్రవర్తించారు. ఇస్త్రీ అక్క మర్నాడే బండిని మెట్ల కింద నుంచి తోసుకుపోయి మలుపు దగ్గర పెట్టుకుంది. ఎండలో అంత దూరం రావాలా అని ఖాతాదారులు సణిగారు. ఆయా పిల్లల్ని ఎనిమిదేసి మంది చొప్పున, వంతెన మీద వేరే మనుషులు లేకుండా చూసి దాటించడం మొదలుపెట్టింది. మిగిలిన పిల్లల దగ్గర కూతురు కాపలా. దాంతో బడి పావుగంట ఆలస్యం. హెడ్ మిస్ట్రెస్ గారు మెమో ఇచ్చారు.

"ఒకే వరుసలో తీసుకురావడం మన బడి క్రమశిక్షణ అని తెలీదా?" అని అడిగారట.

"తెలుసమ్మా. వరుస తర్వాతైనా నేర్పుకోవచ్చు. పిల్లలుండాలి కదా," అందట ఆయా. దానికి రెండో మెమో వచ్చింది.

పురస్కార సభను ఏ హాల్లోనో పెడితే విశేషమేముంటుందని, వంతెన మీదే పెట్టాలని చిరునవ్వు మాస్టారు సూచించారు. విషయమూ వేదికా ఒకటే అయితే సామాన్యుడి మనసులో ముద్ర పడుతుందట. అధ్యక్షుల వారు, ప్రిన్సిపాల్ గారు, ప్రొఫెసర్లు, బహుమతులు పొందినవాళ్ళు, వాళ్ళ తల్లిదండ్రులు, మేము, మొత్తం అరవై ఒక్క మందిమి ఎక్కాం. నేను మెట్లెక్కుతూ లెక్కపెట్టాను. లెక్క నలభై దాటినప్పుడు ఒకసారి ఆగాను కూడా. వెనకాల వస్తున్న ప్రొఫెసర్ "నడవండి, నడవండి" అన్నారు. ఆగడం సభ్యత కాదని నడిచాను.

అమ్మాయి ఎక్కలేదు. బడి పిల్లలు జెండాలు పట్టుకుని మధ్యలో నిలబడాలని కార్యక్రమ పత్రంలో ఉంది, కానీ ఆయా వాళ్ళందరినీ మెట్లకు దూరంగా చెట్టు కింద కూర్చోబెట్టి, తను అడ్డంగా నిలబడింది. హెడ్ మిస్ట్రెస్ పై నుంచి చెయ్యి ఊపారు. ఆయా కింద నుంచి అడ్డంగా తల ఊపింది. ఇస్త్రీ అక్క మలుపు దగ్గరే ఉండిపోయి, పెట్టె చల్లారిపోతుందని కబురు పెట్టింది. "దిగండి! అందరూ ఒకేసారి ఉండొద్దు!" అని అమ్మాయి కింద నుంచి అరుస్తూనే ఉంది. మైకు లేకుండా అంత దూరం వినిపించగలగడం విభాగం శిక్షణ ఫలితమేనని మాస్టారు అధ్యక్షుల వారికి వివరించారు. పురస్కారాన్ని ఆమె తరఫున తనే అందుకున్నారు.

ఫోటోగ్రాఫరు అందరూ ఫ్రేములోకి రావడం లేదని, బడి వైపు చివరికి జరగమన్నాడు. జరిగాం.

పెద్ద చప్పుడేమీ రాలేదు. ఆమె చెప్పిన చివరే, ఆమె చెప్పినట్టే, అడుగున్నర కిందికి దిగి, స్తంభానికి ఆనుకుని ఆగింది. నిలబడిన వాళ్ళం నిలబడినట్టే ఒకళ్ళ మీద ఒకళ్ళం దొర్లాం. పదకొండు మందికి ఎముకలు విరిగాయి. తపాలా గుమాస్తా తుంటి విరిగి ఆసుపత్రి పాలయ్యాడు. చిరునవ్వు మాస్టారి ముందు పళ్ళు రెండు పోయాయి. చెట్టు కింద ముప్పై ఎనిమిది మంది పిల్లలూ జెండాలు ఊపుతూ చప్పట్లు కొట్టారు, కార్యక్రమంలో అదొక భాగమనుకుని.

విచారణ సంఘం వారంలోగా వచ్చింది. వాళ్ళు వంతెన దగ్గరికి వెళ్ళి శ్రమపడలేదు, రిజిస్టరు తెప్పించుకున్నారు. సంఘం అధ్యక్షుడు మంచి తర్కం తెలిసిన పెద్దమనిషి. నన్ను కూర్చోబెట్టి శాంతంగా చెప్పారు.

"చూడండి, మీకు అర్థమైందంటే అందరికీ అర్థమైనట్టే కదా? మీకంటే సామాన్యులు మా దగ్గర లేరు. అర్థమై ఉంటే అంతమంది పెద్దలు దాని మీదికి ఎందుకెక్కుతారు? తెలిసి తెలిసి ఎవరైనా ఎక్కుతారా?"

"ఎక్కరండీ," అన్నాను.

"అంటే ఎవరికీ అర్థం కాలేదన్నమాట. మరి ఇక్కడ మీ సంతకం మొదటి గడిలో ఉందేమిటి? పొరపాటు పడి ఉంటారు."

ఇస్త్రీ అక్కను అప్పటికే అడిగారు. "నాకు అర్థమైంది కాబట్టే ఎక్కలేదు," అని చెప్పి, కార్డు తీసి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయిందట. అర్థం చేసుకునే స్వభావం ఉన్నట్టు తేలినందున ఆమెను సామాన్యుల జాబితా నుంచి తొలగించారు. గుమాస్తా తుంటి ఆపరేషనయి మత్తులో ఉన్నాడు. ఇక మిగిలింది నేను. ఒక్క సంతకం చాలు.

ఆ పక్క బల్ల మీద వచ్చే ఏడాది బైండింగు కాంట్రాక్టు కాగితాలు ఆమోదం కోసం పేర్చి ఉన్నాయి. నా కొట్టు పేరే ఉంది పైన. ఎవరూ వాటి మాట ఎత్తలేదు, మర్యాదస్తులు. నేను కలం తీసుకున్నాను. ఆ అమ్మాయి బోల్టు పెట్టిన చప్పుడు గుర్తొచ్చింది. సిగ్గేసింది కూడా, అబద్ధమెందుకు. మొదటి గడిలోని సంతకాన్ని కొట్టివేసి, రెండో గడిలో చేశాను.

నివేదిక చాలా స్పష్టంగా వచ్చింది. ప్రమాదానికి కారణం విద్యార్థిని విషయాన్ని సామాన్యులకు అర్థమయ్యేలా చెప్పలేకపోవడం. వంతెనకు చెందిన బోల్టును అనుమతి లేకుండా దగ్గర ఉంచుకోవడం మరో తప్పు. ఆమె ఆ పేపరు మళ్ళీ రాయాలి, అందుకు ఆరు నెలలు ఆగాలి. ఉద్యోగంలో చేరే తేదీ ఈలోగా దాటిపోయింది. ముప్పై ఎనిమిది మంది పిల్లల్నీ సకాలంలో కార్యక్రమ స్థలానికి చేర్చనందుకు ఆయాను పనిలోంచి తీసేశారు. ఇలాంటివి మళ్ళీ జరగకుండా విభాగాన్ని రెట్టింపు చేసి, రెండో సంవత్సరం నుంచే చిరునవ్వు నేర్పాలని నిర్ణయించారు. మాస్టారు కొత్త పళ్ళు కట్టించుకుని పనిలో చేరారు.

మొన్న ఆ అమ్మాయి కొత్త రిపోర్టు పట్టుకుని నా కొట్టుకు వచ్చింది. కోపంగా ఉంటుందనుకున్నాను. లేదు. కాగితాలు సరిచేస్తూ, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది.

"బాబాయ్, మీకు అర్థం కాలేదా?"

కొట్టులో వేరే ఎవరూ లేరు. "అర్థమైందమ్మా," అన్నాను. "ఆ రోజు నువ్వు చెప్పినంత బాగా నాకెవరూ ఏదీ చెప్పలేదు."

ఆ పిల్ల కాగితాలు బల్ల మీద పెట్టింది. "మరి ఇంకెలా చెప్పాలి బాబాయ్?" అంది.

నేను రిపోర్టు తీసుకుని, నీలం అట్ట వేసి, గట్టి దారంతో, చాలా శ్రద్ధగా బైండు చేసి ఇచ్చాను.

ప్రస్తుతం వంతెన కింద రెండు దుంగలు ఆనించి, రెండు చివరలా ఎర్ర రిబ్బను కట్టారు. "ప్రమాదం, ఎక్కరాదు" అని చదువు రానివాళ్ళకు కూడా తెలిసేలా బొమ్మతో సహా బోర్డు పెట్టారు. సిగ్నల్ దగ్గర ఇప్పటికీ చాలాసేపు నిలబడాలి. అందుకని మేమంతా రిబ్బను కింద నుంచి వంగి వెళుతున్నాం. ఒకళ్ళకొకళ్ళం తగలకుండా దారి ఇచ్చుకుంటాం, వస్తువులు పట్టుకున్న వాళ్ళకు రిబ్బను ఎత్తి పట్టుకుంటాం. నిన్న సాయంత్రం నేను ఇటు నుంచి వంగుతుంటే అటు నుంచి వంగుతూ ఎదురైంది మీరే. తొందరలో ఉన్నట్టున్నారు, నన్ను గుర్తుపట్టలేదు.